తలుపు గడియ వేసిన తండ్రి

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటున్న మా పెద్దమ్మ కూతురు ఈమధ్య ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేసింది. అక్కడ శనివారం రాత్రి అన్నమాట. మామూలుగా అయితే మా అక్కయ్య ఫోను ఊరగాయల కబుర్లతో మొదలవుతుంది. ఆవేళ మాత్రం, "ఏమే, నువ్వు నవలలు రాస్తావుగా! మా పిల్లకి నువ్వైనా నచ్చచెప్పు" అంటూ మొదలెట్టింది.

సంగతేమిటంటే, యూనివర్శిటీలో మొదటి సంవత్సరం పూర్తి చేసిన వాళ్ళమ్మాయి ఆర్.ఓ.టి.సి.లో ఉందిట. ఏడాదిపాటు ఆ పిల్ల తెల్లవారుజామునే లేచి పరుగులు తీస్తుంటే "పోన్లే, ఒళ్ళు తగ్గుతుంది" అని సంతోషించారుట వీళ్ళు. తీరా చూస్తే అది మిలటరీ శిక్షణ! ఇప్పుడు కాగితాలమీద సంతకం పెడితే మిగతా మూడేళ్ళ ట్యూషను ఫీజూ ప్రభుత్వమే కడుతుందిట. "మన ఎన్.సి.సి. లాంటిదేనే. కానీ ఇది అయ్యాక నిజంగానే సైన్యంలోకి వెళ్ళాలి. ఆడపిల్లని యుద్ధానికి పంపడానికా మేమింత దూరం వచ్చింది?" అంటూ ఏడుపు.

అక్కయ్య ఒక్క ముక్కలో చెప్పిన తేడా సరైనదే. మన ఎన్.సి.సి.లో ఎన్నాళ్ళు పరేడు చేసినా సైన్యంలో చేరితీరాలని ఎవరూ పట్టుబట్టరు. 'సి' సర్టిఫికెట్టు మంచి గ్రేడులో ఉంటే ఆఫీసరు ఎంపికలో రాతపరీక్ష తప్పుతుంది. అమెరికా వారి రిజర్వ్ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్ వ్యవహారం వేరు. 1916లో చట్టం చేసి పెట్టిన ఏర్పాటది. పిల్లలు మామూలు కాలేజీల్లో మామూలు చదువులే చదువుతారు. వాటితోపాటు పొద్దున్నే కసరత్తు, వారానికోసారి యూనిఫారం, యుద్ధవిద్య పాఠాలు, మ్యాపు చేతపట్టుకుని అడవిలో దారి వెతుక్కోవటం, ఆఖర్న ఒక వేసవిలో కెంటకీ రాష్ట్రంలోని ఫోర్ట్ నాక్స్‌లో పెద్ద క్యాంపు. డిగ్రీతోపాటే భుజంమీద సెకండ్ లెఫ్టినెంటు పట్టీ. వెస్ట్ పాయింట్ పేరు మనందరం విన్నాం కానీ, అమెరికా సైన్యానికి అక్కణ్ణించి వచ్చే ఆఫీసర్లకంటే ఈ మామూలు కాలేజీలనుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ. స్కాలర్‌షిప్పు తీసుకుంటే ఎనిమిదేళ్ళ బాధ్యత ఉంటుంది. అందులో కొంత సైన్యంలో, తక్కినది రిజర్వులో. మొదటి ఏడాది ఇష్టం లేకపోతే వచ్చెయ్యొచ్చు. రెండో ఏడాది స్కాలర్‌షిప్పుమీద అడుగుపెడితే మాత్రం మాటకు కట్టుబడాలి. మా అక్కయ్య కూతురు సరిగ్గా ఆ గడపమీద నిలబడి ఉంది.

"నాలుగు రోజులాగు అక్కయ్యా, నేను మాట్లాడతాను" అని ఫోను పెట్టేశాను. పెట్టేసి, అలమరలోంచి ఒక పాత నవల తీశాను. ఏమిటో నా అలవాటు! ఎవరింట్లో ఏ చిక్కు వచ్చినా నాకు ముందు జ్ఞాపకం వచ్చేది ఎవరో ఒకరు రాసిన నవలే.

అమెరికన్ రచయిత ఫిలిప్ రాత్ 2008లో ప్రచురించిన 'ఇండిగ్నేషన్' ఆ నవల. మన మాటలో 'ధర్మాగ్రహం' అనుకోవచ్చు. కథ జరిగేది కూడా ఒహాయోలోనే, 1951లో. అప్పుడు కొరియా యుద్ధం మంచి జోరుమీదుంది.

మార్కస్ మెస్నర్ అనే కుర్రాడిది న్యూ జెర్సీలో నూవర్క్ పట్నం. తండ్రికి యూదుల ఆచారం ప్రకారం మాంసం అమ్మే కొట్టుంది. ఒక్కగానొక్క కొడుకు. బుద్ధిమంతుడు, మార్కులన్నీ వాడివే, కొట్లో తండ్రికి సాయం కూడా చేస్తాడు. అటువంటి కొడుకు కాలేజీలో చేరేసరికి తండ్రికి ఉన్నట్టుండి భయం పట్టుకుంటుంది. ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో తిరుగుతున్నావు, ఎందుకు ఆలస్యమైంది? అయినవాళ్ళ పిల్లలు ఇద్దరు రెండో ప్రపంచయుద్ధంలో పోయారు. ఆ భయం ఇప్పుడు కొడుకుమీదికి తిరిగింది. ఒక రాత్రి లైబ్రరీలో చదువుకుని ఇంటికొస్తే, తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంటుంది. ఆ గడియే కథంతటికీ మూలం. ఇక ఈ ఇంట్లో ఉండలేనని కుర్రాడు వందల మైళ్ళ దూరంలో ఒహాయోలోని వైన్స్‌బర్గ్ అనే చిన్న ఊరి కాలేజీకి మారిపోతాడు. ఊరి పేరు రాత్ సొంతం కాదు. షెర్వుడ్ ఆండర్సన్ 1919లో వెలువరించిన కథల పుస్తకంలోని ఊరి పేరు అది. పెద్దాయనకి నమస్కారం పెట్టి తీసుకున్నాడన్నమాట.

ఆ రోజుల్లో అమెరికాలో నిర్బంధ సైనిక సేవ ఉండేది. కాలేజీలో చదువుతున్నన్నాళ్ళూ పిలుపు వాయిదా పడుతుంది. చదువైపోతే పిలుపు రానేవస్తుంది. ఎలాగూ వెళ్ళాల్సిందే అయితే తుపాకీ పట్టుకుని బురదలో పాకే సిపాయిగా వెళ్ళాలా, ఆఫీసరుగా వెళ్ళాలా? మార్కస్ లెక్క వేసుకుంటాడు. కాలేజీలో ఆర్.ఓ.టి.సి. క్లాసులకి వెళ్ళటం, మంచి మార్కులు తెచ్చుకోవటం, లెఫ్టినెంటుగా రవాణా విభాగంలోనో, అదృష్టం బాగుంటే ఇంటెలిజెన్సు విభాగంలోనో పడటం. అంటే, యుద్ధానికి వెళ్ళీ వెళ్ళనట్టు ఉండటం.

ఈ లెక్క చూస్తే నాకు నవ్వూ వచ్చింది, గుండెల్లో కలుక్కూ మంది. తండ్రి తలుపు గడియ వేస్తాడు, కొడుకు మార్కులు వేసుకుంటాడు. రెండూ ఒకే భయం! తండ్రి పిచ్చి భయాన్నుంచి పారిపోయానని అనుకుంటున్న కుర్రాడు ఆ భయాన్నే యూనిఫారంలా తొడుక్కుని తిరుగుతున్నాడు. ఈ మాట రాత్ ఎక్కడా బాకా ఊది చెప్పడు. మనకే తెలుస్తుంది. అదీ గొప్ప.

తరువాత కథ క్లుప్తంగా చెబుతాను. వైన్స్‌బర్గ్ కాలేజీలో డిగ్రీ కావాలంటే క్రైస్తవ ప్రార్థన మందిరానికి నలభైసార్లు హాజరు కావాలి. యూదుడైన, దేవుడే లేడనే మార్కస్‌కి అది గిట్టదు. డీను గదిలో బెర్ట్రండ్ రస్సెల్‌ని అడ్డం పెట్టుకుని వాదిస్తాడు. ఆ వాదన పుస్తకంలో చాలా పేజీలు నడుస్తుంది. ఒక్క పేజీ విసుగు పుట్టదు. ఇద్దరు మనుషులు కుర్చీల్లోంచి లేవకుండా అంతసేపు ఉత్కంఠ నిలబెట్టడం ఎంత కష్టమో సీరియల్ రాసే నాలాంటి వాళ్ళకి తెలుస్తుంది. చివరికి మార్కస్ తన బదులు మందిరంలో కూచోవటానికి డబ్బిచ్చి ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. మన కాలేజీల్లో అటెండెన్సు వేళ "ప్రెజెంట్ సార్" అని గొంతు మార్చి పలికే స్నేహితుల్లాగా అన్నమాట! అది బయటపడుతుంది. క్షమాపణ రాసిచ్చి, రెట్టింపుసార్లు హాజరవ్వమంటారు. మార్కస్ నోటినుంచి ఈ పత్రికలో రాయకూడని మాట ఒకటి వస్తుంది. కాలేజీనుంచి పంపేస్తారు.

కాలేజీ పోయింది కనుక వాయిదా పోయింది. ఆర్.ఓ.టి.సి. పోయింది, లెఫ్టినెంటు పట్టీ పోయింది. ఏ సిపాయి బతుకు తప్పించుకోవాలనుకున్నాడో ఆ సిపాయిగానే కొరియా వెళ్ళి, 1952లో ఒక కొండమీద బాయొనెట్ పోట్లకు గురై చనిపోతాడు. చిన్నప్పుడు తండ్రి కొట్లో చూసిన కత్తులూ నెత్తురూ ఇక్కడికి వచ్చి కలుస్తాయి. అసలీ కథ మనకి చెబుతున్నదే చావుబతుకుల్లో, మార్ఫిన్ మత్తులో ఉన్న మార్కస్ అని ఆఖర్న తెలుస్తుంది. నవల పేరులోని మాట చైనా జాతీయగీతంలోది. రెండో ప్రపంచయుద్ధంలో చైనా మిత్రదేశం కనుక చిన్నప్పుడు బళ్ళో ఆ పాట నేర్పారు. ప్రార్థన మందిరంలో ఒళ్ళు మండినప్పుడల్లా మార్కస్ మనసులో ఆ పాట పాడుకునేవాడు. కొరియాలో అతన్ని పొడిచినవాళ్ళు చైనా సైనికులే. ఇంతటి వ్యంగ్యాన్ని అరిచి చెప్పకుండా రాయటానికి చెయ్యి తిరిగి ఉండాలి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ నవలమీద నాకు రెండు ఫిర్యాదులున్నాయి.

మొదటిది ఆడవాళ్ళ గురించి. ఒలీవియా అనే అమ్మాయి మార్కస్‌కి పరిచయమవుతుంది. మణికట్టుమీద పాత గాయం మచ్చ. ఒకప్పుడు ప్రాణం తీసుకోబోయిన పిల్ల. తెలివైనది, చురుకైనది, ఒంటరిది. ఆ పిల్ల తన కథ తను చెబితే ఎంత నవల అయ్యేదో! రాత్ ఆమెని మార్కస్‌ని కలవరపెట్టడానికి వాడుకుని, పని అయ్యాక కథలోంచి పంపించేశాడు. ఆమెకి తర్వాత ఏమైందో మార్కస్‌కి తెలియకపోతే పోనీ, రచయితకైనా తెలుసుకోవాలనిపించదా? తల్లి పాత్ర నయం. కొడుక్కి అపెండిసైటిస్ ఆపరేషను అయితే ఆసుపత్రికి వస్తుంది. భర్త భయాలతో వేగలేక విడాకులు తీసుకుంటానంటుంది. కొడుకు వద్దని బతిమాలితే, సరే, నువ్వు ఆ మణికట్టు మచ్చ పిల్లని వదిలెయ్, నేను మీ నాన్నని వదలను అని బేరం పెడుతుంది. అటువంటి తల్లులు మన వీధిలోనూ ఉన్నారు. ఒక్క సన్నివేశంలో ఆమె మొత్తం కనిపించింది. ఒలీవియాకి ఆపాటి అదృష్టం కూడా పట్టలేదు.

రెండో ఫిర్యాదు ఇంతకంటే పెద్దది. ఆర్.ఓ.టి.సి.లో చేరి రవాణా విభాగంలో పడాలని మార్కస్ కోరుకున్నప్పుడు, ఆ కొండమీద అతని బదులు ఎవరు నిలబడాలి? మందిరంలో తన బదులు కూచోవటానికి ఒకణ్ణి డబ్బిచ్చి పెట్టుకున్నాడు, పట్టుబడ్డాడు. యుద్ధంలో తన బదులు నిలబడేవాడు కాలేజీ గడప తొక్కలేని కుర్రాడు. ఆ బదలాయింపు మాత్రం చట్టబద్ధం, గౌరవనీయం! ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టే అవకాశం రాత్ చేతిలోనే ఉంది. పెట్టలేదు. మార్కస్‌తో పాటు ఆ కొండమీద చనిపోయిన వాళ్ళకి పేర్లు లేవు. కొడుక్కి అన్యాయం జరిగిందన్న ఆగ్రహం పుస్తకమంతా ఉంది. కొరియా వెళ్ళటానికి ఏ కాలేజీనుంచీ గెంటించుకోనక్కర్లేని కుర్రాళ్ళమీద ఆగ్రహంలో వాటా ఏదీ?

ఒహాయో అంటే కెంట్ స్టేట్ యూనివర్శిటీ గుర్తురాక మానదు. 1970లో వియత్నాం యుద్ధాన్ని కంబోడియాలోకి కూడా పొడిగించినప్పుడు అక్కడి విద్యార్థులు తిరగబడ్డారు. మే 2 రాత్రి ఆర్.ఓ.టి.సి. భవనం తగలబడింది. యుద్ధంమీద కోపం ఆ భవనంమీద తీర్చుకున్నారు. మే 4న నేషనల్ గార్డు సైనికులు 13 సెకండ్లలో 67 గుళ్ళు పేల్చారు. నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ నలుగురిలో ఒకడు 19 ఏళ్ళ కుర్రాడు. స్వయంగా ఆర్.ఓ.టి.సి. విద్యార్థి! తను చేరిన సైనిక శిక్షణ భవనాన్ని తోటివాళ్ళు తగలబెట్టిన రెండు రోజులకి, తన దేశ సైనికుల గుండుకే పోయాడు. ఏ నవలా రచయిత అయినా ఇలా రాస్తే "మరీ అతిగా కల్పించారు" అని మీరే ఉత్తరాలు రాసేవారు. యూనిఫారం కాపాడుతుందని లెక్కలు వేసుకునే మార్కస్‌లకి ఇంతకంటే సమాధానం ఏముంటుంది?

అలాగని ఆర్.ఓ.టి.సి. అంటే భయంతో వేసుకునే వేషమేనా? కాదు. ఈ నవల పక్కన చదవాల్సిన పుస్తకం ఒకటుంది. కాలిన్ పవెల్ 1995లో ప్రచురించిన ఆత్మకథ. జమైకానుంచి వలసవచ్చిన నల్లజాతి తల్లిదండ్రుల కొడుకు. 1954లో న్యూయార్క్ సిటీ కాలేజీలో చేరాడు. ఇంజనీరింగు అబ్బలేదు. భూగర్భశాస్త్రంలోకి మారాడు, అక్కడా అంతంతమాత్రమే. ఆర్.ఓ.టి.సి. యూనిఫారం తొడుక్కున్నాక మాత్రం తన చోటు తనకు దొరికినట్టయింది. అందులో వచ్చిన మంచి మార్కులే మొత్తంమీద డిగ్రీ గట్టెక్కించాయని చెప్పుకున్నాడు. 1958లో సెకండ్ లెఫ్టినెంటు అయినవాడు 1989లో అమెరికా సైనిక దళాలన్నిటికీ అగ్రస్థానమైన పదవికి చేరాడు. ఆర్.ఓ.టి.సి.నుంచి ఆ పదవికి వెళ్ళిన మొదటివాడు అతనే. ఆత్మకథలో అతిశయం ఉండదా అంటే ఉంటుంది. గెలిచినవాడు రాసుకున్న పుస్తకం ఎప్పుడూ కొంచెం నున్నగానే ఉంటుంది. కానీ ఒక్క సంగతి కల్పించగలిగింది కాదు. ఆ కుర్రాడు దాక్కోవటానికి చేరలేదు. నలుగురితో కలిసి నిలబడటం నచ్చి చేరాడు.

మార్కస్ కల్పితం, పవెల్ నిజం. శిక్షణ ఇంచుమించు ఒకటే, కాలం మూడేళ్ళ తేడా. ఒకడు దాన్ని గొడుగనుకున్నాడు, ఇంకొకడు ఇల్లనుకున్నాడు. రెండు పుస్తకాలూ కలిపి చదివితేగాని బొమ్మ పూర్తికాదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 1962లో చైనాతో యుద్ధం తరువాత మన కాలేజీల్లో మగపిల్లలకి ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. 1968లో ఆ నిర్బంధం తీసేశారు. మా నాన్నగారు డిగ్రీ చదివింది సరిగ్గా ఆ మధ్యకాలంలో. ఇప్పటికీ బిగుసుకుపోయిన బూట్ల గురించీ, పరేడు అయ్యాక పెట్టే పూరీల గురించీ కథలు కథలుగా చెబుతారు. ఆ కథలు విని పెరిగిన నేను కాలేజీలో చేరగానే ఎన్.సి.సి. ఫారం తెచ్చుకున్నాను. "ఆడపిల్లకి అవన్నీ ఎందుకమ్మా, చీకటితోనే పరేడుకి ఎవరు దింపుతారు?" అన్నారు నాన్నగారు, ఎంతో నెమ్మదిగా. గొడవ లేదు, కేక లేదు. ఫారం పుస్తకంలోనే ఉండిపోయింది. అదేం పెద్ద అన్యాయమని ఇప్పుడు అనను. కానీ మార్కస్ తండ్రి తలుపు గడియ వేసిన పేజీ చదివినప్పుడల్లా నాకు ఆ ఫారం జ్ఞాపకం వస్తుంది. ప్రేమతో వేసిన గడియ కూడా గడియే.

నాలుగో రోజు మా అక్కయ్య కూతురితో మాట్లాడాను. ఈ పిల్ల పరిస్థితి మార్కస్‌ది కాదు. అమెరికాలో నిర్బంధ సైనిక సేవ 1973లోనే ఆగిపోయింది. అప్పుడు పిల్లల్ని తరిమింది పిలుపు కాగితం. ఇప్పుడు చాలామందిని తరిమేది ఫీజు కాగితం. రాత్ నవలలో యూనిఫారం తొడిగినవాళ్ళందరూ మగపిల్లలే. 1969లో వైమానిక దళం, 1972లో సైన్యం ఆర్.ఓ.టి.సి.లోకి అమ్మాయిల్ని రానిచ్చాయి. ఒలీవియాకి దొరకని పాత్ర ఈ పిల్లకి దొరుకుతోంది.

నేను నచ్చచెప్పలేదు. ఒకే ప్రశ్న వేశాను. "ఫీజు వాళ్ళు కట్టకపోయినా చేరతావా?"

కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఫీజు అమ్మకి చెప్పిన కారణం పిన్నీ. చలికాలంలో ఒకసారి రాత్రి అడవిలో దారి తప్పాం. మ్యాపు నా చేతిలో ఉంది. అందరూ నావైపే చూశారు. భయమేసింది. కానీ బాగుంది" అంది.

"రేపు నిజంగా యుద్ధం వస్తే, అలా నీవైపు చూసేవాళ్ళు కాలేజీ మొహం చూడని పద్ధెనిమిదేళ్ళ పిల్లలు. ప్లటూను నడిపే లెఫ్టినెంటు వాళ్ళ ముందుండాలి, వెనక కాదు. అది ఆలోచించావా?"

"అదే ఆలోచిస్తున్నాను" అంది. ఆ పిల్ల "ఆలోచించాను" అనకుండా "ఆలోచిస్తున్నాను" అన్నందుకు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నవల పేరు చెప్పి చదవమన్నాను. "మరీ లావు పుస్తకమా?" అని అడిగింది. కాదని హామీ ఇచ్చాను. 2016లో సినిమాగా కూడా వచ్చింది కానీ ఆ మాట కావాలనే చెప్పలేదు. చెబితే పుస్తకం తెరవదు!

పాఠకులకీ నా మనవి అదే. 'ఇండిగ్నేషన్' దొరికితే చదవండి. పిల్లలు ఆర్.ఓ.టి.సి.లో చేరినా, ఇంజనీరింగులో చేరినా, సినిమాల్లో చేరతామన్నా చదవండి. మనం పిల్లలకి ఇచ్చేది జాగ్రత్తా, మన భయమా అన్నది ఆ మాంసం కొట్టు తండ్రిని చూశాక కొంచెం తేటపడుతుంది.

సాయంత్రం మళ్ళీ అక్కయ్య ఫోను. "ఏమైందే? నచ్చచెప్పావా?"

"నేను అడిగాను అక్కయ్యా, అది చెప్పింది. ఇప్పుడు నువ్వు అడుగు."

"నేనడిగితే చెబుతుందా?"

"తలుపు తీసి ఉంచు. చెబుతుంది."

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తరువాత అక్కయ్య, "సరేగానీ, ఈసారి మాగాయ ఎవరైనా వచ్చేవాళ్ళచేత పంపిస్తావా?" అంది.